సబాన్యోనెస్ విశాలాక్షి

విన్నిపెగ్‌లో ఏ తెలుగువాళ్ళింట్లో వ్రతమైనా, పుట్టినరోజైనా విశాలాక్షి గుమ్మంలో అడుగుపెట్టిందంటే చాలు, ఎవరో ఒకరు పక్కవాళ్ళ చెవిలో ఊదకుండా ఉండరు. "ఈవిడే, డ్రమ్స్ కొట్టే ఆవిడ." అరవయ్యేళ్ళు దగ్గరపడుతున్నాయి, ఫార్మసిస్టుగా రిటైరయింది, ఆవిడ కలిపిన పులిహోర తిని లొట్టలేసినవాళ్ళు ఊళ్ళో సగం మంది. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తకపోయినా ఆవిడకి లెక్కలేదు. "కొడతాను అంకుల్. మీ ఇంటికి రమ్మంటే వచ్చి కొడతాను" అని ఒకసారి ఓ పెద్దాయన మొహం మీదే అనేసింది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తితే ఒట్టు.

అలాంటావిడ ఇంటికి జనవరిలో ఒక ఆదివారం సాకేత్ స్వీట్ల పెట్టె పట్టుకుని వచ్చాడు. హైదరాబాదు కుర్రాడు. చదువుకోడానికొచ్చి, ఇక్కడే ఉండిపోడానికి పీఆర్ తెచ్చుకుని, డౌన్‌టౌన్‌లో ఒక పెద్ద సంగీతశాలలో ప్రోగ్రాములు చూసే ఉద్యోగంలో కుదురుకున్నాడు. మంచివాడే, అందులో సందేహం లేదు. బూట్లకంటిన మంచు గుమ్మం బయటే దులిపి మరీ లోపలికొచ్చాడు. వస్తూనే శుభవార్త చెప్పాడు. కెనడా నడిమి మైదానాల్లో స్పానిష్‌లో పంక్ పాడిన మొట్టమొదటి బ్యాండు, ఒకప్పుడు విశాలాక్షి డ్రమ్స్ కొట్టిన లాస్ సబాన్యోనెస్ కాబట్టి, వాళ్ళ కోసం మార్చిలో ఒక సాయంత్రమంతా పెద్ద హాలు కేటాయించారట. గిటారు వాయించే రమీరో ఇప్పటికే ఒప్పుకున్నాడట. పాడే ఇనెస్ పోయింది కాబట్టి ఆ చోటులోకి టొరాంటో నుంచి పేరున్న గాయని వస్తుందట. విశాలాక్షి మొహం వెలిగింది. డ్రమ్ముల వెనక కూర్చుని ఎన్నాళ్ళయిందని లెక్కవేసుకుంటోంది.

"ఆంటీ, లిరిక్స్ అన్నీ ఇంగ్లీష్‌లోకి ట్రాన్స్‌లేట్ చేయించాం. అందరికీ రీచ్ అవ్వాలి కదా" అన్నాడు సాకేత్. "చివర్లో మీకు శాలువా కూడా అరేంజ్ చేశా."

వెలిగిన మొహం ఆరిపోయింది. ఇంగ్లీషులో అయితే తాను వాయించనని చెప్పింది విశాలాక్షి.

సాకేత్ నవ్వాడు. మనవాళ్ళలో మొదటిసారి వద్దంటే వద్దని కాదు కదా. రెండోసారి బతిమాలాలి, మూడోసారి చెయ్యి పట్టుకోవాలి, అప్పుడు సరేలే అంటారు. పాపం ఆ లెక్కనే రెండోసారి అడిగాడు, మూడోసారి ఆవిడ పాదాలకి దణ్ణం పెట్టబోయాడు.

"సాకేత్, ఇది పప్పు కాదు నాయనా, మారు వడ్డించడానికి" అంది విశాలాక్షి. "వద్దంటే వద్దే."

అప్పుడుగాని కుర్రాడికి ఎక్కలేదు. మెత్తగా, మర్యాదగా అసలు సంగతి చెప్పాడు. ఆవిడ రాకపోతే వాయించడానికి ఇంకొక డ్రమ్మర్ సిద్ధంగా ఉన్నాడు. అంటే ఆవిడ కాదన్నంత మాత్రాన సభ ఆగదు. ఇనెస్ పాటలు ఇనెస్ మాటలు లేకుండా, ఆవిడ లేకుండా, ఆ పెద్ద హాల్లో జరిగిపోతాయి. సాకేత్ వెళ్ళిపోయాక కూడా విశాలాక్షి ఆ కుర్చీలోంచి లేవలేదు. భర్త జయదేవ్ వచ్చి, పోనీ వెళ్ళి చూసొద్దాం అన్నాడు. నోరు మూసుకోమంది. పాపం, ఆయనేం చేశాడు?

ఈ పంతం ఎక్కడిదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

విశాలాక్షి తండ్రి రాజగోపాల్ గుంటూరు నుంచి వచ్చిన సర్జన్. ఊళ్ళో తెలుగు ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉన్న కాలంలోనే భార్య కాంతాన్ని, కూతుర్ని తీసుకుని వచ్చాడు. కాంతం ప్రతి శనివారం బేస్‌మెంట్‌లో నాలుగిళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టి విష్ణు సహస్రనామం సంత చెప్పేది. సంత అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. పెద్దవాళ్ళు ఒకసారి అంటారు, పిల్లలు రెండుసార్లు అంటారు. చేతిలో కాగితం ఉండకూడదు, అర్థం అడగకూడదు. అడిగితే, ముందు నోటికి రానీవే, అర్థం ఎక్కడికీ పారిపోదు అనేది. ఊపిరి ఎక్కడ తియ్యాలన్నదీ ఆవిడకి పాఠంలో భాగమే. తప్పుచోట తీస్తే శ్లోకం మళ్ళీ మొదటికి. మిగతా పిల్లలు తూగుతుంటే విశాలాక్షి మోకాళ్ళ మీద దరువు వేసేది. దరువు వేసినందుకు నెత్తిన మొట్టికాయ పడేది. మొట్టికాయలు ఆగాయి కాని దరువు ఆగలేదు. హైస్కూలు బ్యాండు గదిలో డ్రమ్ములు కంటబడ్డాక ఇక పట్టపగ్గాలు లేవు.

ఆ స్కూల్లోనే ఇనెస్ తగిలింది. చిలీలో సైన్యం గద్దెనెక్కి మనుషుల్ని మాయం చేస్తున్న రోజుల్లో ఆ పిల్ల తండ్రిని పట్టుకుపోయారు, మళ్ళీ కనబడలేదు. తల్లి పిల్లని చంకనేసుకుని ఈ మంచులోకి వచ్చి పడి, బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చుంది. స్కూలు అయ్యాక ఇనెస్ కూడా అక్కడికే పోయి దారాలు కత్తిరించేది. వాళ్ళలాగే చిలీ నుంచి వచ్చిన రమీరో ఒక పాత గిటారు సంపాదించాడు. బాస్ గిటారు వాయించడానికి ఎవడో ఒకడు వచ్చేవాడు, పోయేవాడు. మొదటి చలికాలంలో ఇనెస్ తల్లికి కాలివేళ్ళు వాచి, ఎర్రబడి, ఒకటే దురద, మంట. ఆ వాపుల్ని వాళ్ళ భాషలో సబాన్యోనెస్ అంటారు. కెనడా మాకిచ్చిన మొదటి కానుక ఇదే అని ఇనెస్ బ్యాండుకి ఆ పేరే పెట్టింది.

పంక్ అంటే ఏమిటే అని కాంతం కూతుర్ని అడిగింది. కడుపులో ఉన్న కోపమంతా మూడు నిమిషాల్లో కక్కేసి దిగిపోవడం అని చెప్పింది కూతురు. "దానికి స్టేజీ దేనికే? మీ నాన్న రోజూ కంచం దగ్గర చేసేది అదేగా" అంది కాంతం. రాజగోపాల్ మాత్రం కోప్పడలేదు, నీతి చెప్పాడు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు, పరాయి దేశంలో తల దించుకుని పని చూసుకోవాలి అన్నాడు. ఆయన అలాగే బతికాడు, పెద్ద ఇల్లు కట్టాడు. ఇనెస్ మొదటి పాట సరిగ్గా దానికి ఎదురు. 'ఆకీ తాంపోకో మే కాయో'. అంటే, అక్కడ నోరు మూసుకోలేదు, ఇక్కడా మూసుకోను అని.

ఆ అర్థం విశాలాక్షికి చాలా రోజులకి గాని తెలియలేదు. ముందు మాటలే వచ్చాయి. చర్చీల బేస్‌మెంట్లలో, యూనియన్ హాళ్ళలో వాయించేవాళ్ళు. ముందే వ్యాన్‌లో గడ్డకట్టిన డ్రమ్ముల్ని లోపల పెట్టి వెచ్చబడేదాకా కాపలా కాయాలి. అన్నీ చవక స్పీకర్లు, వెనక కూర్చున్న మనిషికి గిటారూ వినబడదు, పాటా వినబడదు. ఇనెస్ భుజాలు ఎప్పుడు లేస్తున్నాయో, ఊపిరి ఎక్కడ తీస్తోందో చూసి వాయించాలి. అందుకని విశాలాక్షి తనకి తెలిసిన ఒకే ఒక్క దారి పట్టింది. స్కూలు నుంచి వెళ్ళే బస్సులో ఇనెస్ పక్కన కూర్చుని సంత చెప్పించుకుంది. ఇనెస్ ఒకసారి, ఈవిడ రెండుసార్లు. బస్సులో జనం ఈ రెండు పిచ్చిపిల్లల్ని చూసి దూరంగా జరిగి కూర్చునేవారు. ఫ్యాక్టరీలో నూలు దుమ్ము పీల్చి పీల్చి ఇనెస్‌కి ఊపిరి అందేది కాదు. 'తాంపోకో' అన్న మాట మధ్యలో, ఎవరూ ఆగని చోట, ఆగి గాలి పీల్చేది. విశాలాక్షి ఆ ఆగడాన్ని కూడా నేర్చుకుంది. పాఠమంటే పాఠమే మరి.

జనం ఊరుకున్నారా? ఇంగ్లీషులో పాడండి అని వెనక నుంచి కేకలు పెట్టేవాళ్ళు, సీసాలు విసిరేవాళ్ళు. ఇనెస్ ఒక్క ముక్క జవాబు చెప్పేది కాదు. అదే పాట మళ్ళీ మొదటి నుంచి, ఇంకా వేగంగా ఎత్తుకునేది. మూడోసారికి ఆ కేకలు పెట్టినవాళ్ళే గెంతేవాళ్ళు. మెల్లిగా రెజైనా నుంచి, సస్కటూన్ నుంచి పిలుపులొచ్చాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి పడి, ఫ్యాక్టరీల్లో, హోటళ్ళ వంటగదుల్లో పనిచేసే స్పానిష్ పిల్లలు బస్సులెక్కి వచ్చి ముందు వరసలో నిలబడి ఏడుస్తూ పాడేవాళ్ళు. అలా మా పాటలు కూడా ఇలా గట్టిగా పాడొచ్చా అని అడిగినవాళ్ళలో కొందరు తర్వాత సొంత బ్యాండ్లు పెట్టుకున్నారు.

అప్పుడే టొరాంటో నుంచి రికార్డు కంపెనీ మనిషి ఒకాయన వచ్చాడు. బ్యాండు నచ్చింది, పాటలు ఇంగ్లీషులో పాడితే రేపే రికార్డు వేస్తానన్నాడు. రమీరో కాళ్ళు భూమ్మీద నిలవలేదు. ఇనెస్ ఆలోచించింది, తల్లి మిషను మానేయొచ్చు కదా అనుకుంది, సరే చూద్దాం అంది. అక్కడే ఆ యూనియన్ హాల్లో ఇంగ్లీషు మాటలు పెట్టి పాడింది. విశాలాక్షి వాయించబోయింది. వాయించలేకపోయింది. ఊపిరి తీసే చోట్లన్నీ మారిపోయాయి. అంతకన్నా ఘోరం, ఇనెస్ కోపం మర్యాదగా మారిపోయింది. టీచరు ముందు పాఠం అప్పజెప్పే పిల్లలా ఉంది. విశాలాక్షి కర్రలు కింద పెట్టేసింది.

ఇలాగైతే నేను వాయించను, ఇది మా పాట కాదు అంది. స్పానిష్ ముక్క అర్థం కాని తెలుగుపిల్ల, అందరికన్నా ముందు కాదన్నది. ఇనెస్ తలెత్తి ఆమెని చూసి నవ్వింది, మైకు వదిలేసింది. కంపెనీ మనిషి కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. రమీరో ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆ తర్వాత ఒక్క క్యాసెట్ వేసుకున్నారు, అదీ నాసి రకం రికార్డింగు. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, బ్యాండు ఆగిపోయింది. విశాలాక్షి ఫార్మసీ చదివింది. రమీరో సిటీ బస్సు డ్రైవరయ్యాడు. ఇనెస్ పగలు ఒక పని, సాయంత్రం ఒక పని చేసింది, ఒంటరిగా కూతురు పలోమాని పెంచింది. ఇంగ్లీషు రాని పిల్లల్ని వేరే గదిలో కూర్చోబెడతారని, తాను పడ్డ అవమానం బిడ్డ పడకూడదని, పలోమాతో ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడింది. విశాలాక్షికి ఆ భయం కూడా లేదు, అయినా కూతురు అమృతతో ఇంగ్లీషే మాట్లాడింది. అమృత ఇప్పుడు రిచ్‌మండ్ హిల్‌లో ఉంటుంది, అమ్మమ్మతో ఫోన్లో హాయ్, బై తప్ప మూడో మాట ఉండదు. రెండేళ్ళ కిందట ఊపిరితిత్తులు పాడై ఇనెస్ పోయింది. ఆస్పత్రిలో చివరి రోజుల్లో మాట రాకపోయినా, విశాలాక్షి మంచం పట్టీ మీద వేళ్ళతో దరువేస్తే తల ఊపేది.

ఇదీ కథ. ఇప్పుడు చెప్పండి, ఆవిడ సరే అంటుందా?

సాకేత్ వచ్చి వెళ్ళిన వారానికి రమీరో వచ్చాడు. జుట్టంతా నెరిసింది, మోకాళ్ళు పట్టేశాయి, ఆ మధ్యనే రిటైరయ్యాడు. వంటింట్లో కూర్చుని కాఫీ ముట్టుకోలేదు. ఎదురుగా కాంతం, ఎనభై దాటిన మనిషి, ఇడ్లీ తింటూ ఇద్దర్నీ చూస్తోంది. విశాలాక్షి మొదలుపెట్టింది. ఇనెస్ ఉంటే ఒప్పుకునేదా, నీ భాష కాదూ, నీకు లేని బాధ నాకా అని గడగడా అడిగింది. రమీరో అంతా విన్నాడు.

"నా భాషే" అన్నాడు. "ఉంచుకుంటానో, పారేస్తానో నా ఇష్టం. అప్పుడు నువ్వు కాదన్నావు. మీ నాన్న డాక్టరు. నీకేం పోయింది? నువ్వు వెళ్ళి చదువుకున్నావు. నేను బస్సెక్కాను. ఇనెస్ చచ్చేదాకా దుమ్ము పీల్చింది. ఇన్నాళ్ళకి ఒక పెద్ద స్టేజీ ఇస్తామంటే మళ్ళీ వచ్చావు కాదనడానికి. భాషని కాపాడాలని అంత సరదాగా ఉంటే ముందు నీది కాపాడుకో."

 ఎప్పుడూ ఎవరికీ జవాబు బాకీ ఉంచని విశాలాక్షి అలా నిలబడిపోవడం కాంతం తన జన్మలో చూడలేదు. రమీరో కాఫీ అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు. వాళ్ళు మాట్లాడింది ఇంగ్లీషులోనే అయినా కాంతానికి అన్నీ అర్థమయ్యాయి.

"పిల్లికి చెలగాటం, ఎలకకి ప్రాణసంకటం" అంది ఇడ్లీ ముక్క చట్నీలో ముంచుతూ. "అతనన్న దాంట్లో తప్పేముందే?"

"తప్పు లేదమ్మా. తప్పుంటే కొట్టిపారేద్దును కదా" అంది విశాలాక్షి. ఆవిడకి ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. ఏడ్చి మొహం కడుక్కున్నాక చూస్తే పంతం ఉన్నచోటే ఉంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మొండిదాని సంగతి వేరే చెప్పాలా? రమీరో అన్నది నిజమే. అయినంత మాత్రాన ఇంగ్లీషు పాట నిజమైపోదు. రెండూ రెండే అనుకుంది.

పాటలు ఇనెస్‌వి, ఇప్పుడు ఆమె కూతురివి. పలోమా ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే ఆ పిల్లని విశాలాక్షి ఒక శనివారం భోజనానికి పిలిచింది. పలోమా ఆవిడని చిన్నప్పటి నుంచీ 'తియా' అంటుంది. అత్తనీ, పిన్నినీ వాళ్ళు అలాగే పిలుస్తారు. ఆ పిల్లకి వచ్చిన నాలుగు స్పానిష్ మాటల్లో అదొకటి. అన్నం తింటూ విశాలాక్షి అడిగింది, ఆ ఇంగ్లీషుకి నువ్వెలా ఒప్పుకున్నావని.

"తియా, మా అమ్మ ఏం పాడిందో నాకు ఇప్పటిదాకా తెలియదు" అంది పలోమా. "ఇంగ్లీషులో పాడితే కనీసం ఆ రోజైనా మా అమ్మ నాకు అర్థమవుతుంది. అది కూడా వద్దంటావా?"

 ఏం ఖర్మ, ఎవరి మాట విన్నా న్యాయంగానే ఉంది. కాని విశాలాక్షి దగ్గర వాదన కాకుండా ఇంకొకటి ఉంది. అన్నం తిన్నాక పలోమాని కిందకి, బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళింది. ఒక్క పాట నేర్చుకో, ఆ తర్వాత నీ ఇష్టం, నేను అడ్డు చెప్పను అంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని తాను ఒకసారి అంది, పిల్లని రెండుసార్లు అనమంది.

పలోమా వెంటనే ఫోను తీసింది, మాటలు రాసుకుంటానంది. రాయకూడదంది విశాలాక్షి. అయితే అర్థం చెప్పమంది. అర్థం తర్వాత అంది. ఇదెక్కడి పద్ధతి, చిలకని చేస్తున్నావా నన్ను అని పిల్లకి ఒళ్ళు మండింది. మొదటి రోజు సగంలోనే బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది కూడా. మళ్ళీ శనివారం తనంతట తనే వచ్చింది, దారిలో బస్సులో ఆ లైను నోట్లో తిరుగుతూనే ఉందని తిట్టుకుంటూ వచ్చింది. మెట్ల పైన కుర్చీ వేసుకుని కాంతం వినేది. భాష తెలియకపోయినా ఎక్కడ తప్పిందో ఆవిడకి ఇట్టే తెలిసిపోయేది. "మళ్ళీ మొదటికి" అని పైనుంచి కేక వేసేది. తెలుగులో వేసిన ఆ కేకకి అర్థం పలోమాకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

'తాంపోకో' దగ్గర మాత్రం పిల్ల ఆగేది కాదు. గబగబా అనేసేది. కాదు, తాం అని ఆగి, ఊపిరి తీసి, పోకో అనాలి అని విశాలాక్షి మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఆ మాట మధ్యలో ఎవరైనా ఆగుతారా అని పలోమా వాదించింది. అర్థం పర్థం లేదంది. చివరికి పలోమా విసిగి, సరే అని, విశాలాక్షి ఎలా పీల్చిందో అలాగే, ముక్కుతో కాకుండా నోటితో, కొంచెం ఈల వచ్చేలా గాలి పీల్చింది.

పీల్చి అలాగే ఉండిపోయింది.

"అమ్మ" అంది. "పని నుంచి వచ్చి తలుపు తీసే ముందు బయట నిలబడి ఇలాగే పీల్చేది. నేను లోపల నుంచి వినేదాన్ని. ఇది అమ్మ."

విశాలాక్షి ఆ పిల్లని దగ్గరకి లాక్కుంది. ఇద్దరూ ఎంతసేపు ఏడ్చారో లెక్క లేదు. పైన కాంతం కూడా మొదటికి అనలేదు. ఆ తర్వాత పాటంతా కుదిరిపోయాక, విశాలాక్షి ఒక్కొక్క మాటకీ అర్థం చెప్పింది. పలోమా బుద్ధిగా వింది. ఇంగ్లీషు కాగితంలో ఈ అర్థమంతా ఉంది తియా, కాని అమ్మ లేదు అంది. మిగిలిన పాటలు కూడా చెప్పమంది.

సభకి ముందు వారం పెద్ద హాల్లో రిహార్సలు పెట్టారు. విశాలాక్షి పలోమాని వెంటబెట్టుకుని వెళ్ళింది. రమీరో గిటారు తగిలించుకుని స్టేజీ మీద ఉన్నాడు, విశాలాక్షిని చూసి తల తిప్పుకున్నాడు. టొరాంటో గాయని, పాపం మంచి పిల్ల, ఇనెస్ కూతురని తెలియగానే తన మైకు తెచ్చి పలోమా చేతికిచ్చింది. పలోమా పాడింది. గొప్ప గొంతేమీ కాదు. రెండు చోట్ల వణికింది. 'తాం' దగ్గరకొచ్చి ఆగి, గాలి పీల్చి, 'పోకో' అంది. రమీరో చేతులు ఆగిపోయాయి. గిటారు మీద వేళ్ళు అలాగే పెట్టుకుని నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

పాట అయ్యాక సాకేత్ చప్పట్లు కొట్టాడు. చాలా బాగుందని మనస్ఫూర్తిగానే అన్నాడు. కాని పై అధికారులతో మాట్లాడి వచ్చి ఉన్నమాట చెప్పేశాడు. పెద్ద హాలు ఇంగ్లీషు పాటల ప్రోగ్రాముగానే ఒప్పుకున్నారు. స్పానిష్‌లో అయితే కింద చిన్న గది ఇస్తారు, అక్కడ కుర్చీలు కూడా అన్నీ ఒక రకానివి ఉండవు. ఏదో ఒకటి ఇప్పుడే తేల్చాలి. పలోమా విశాలాక్షి వైపు చూసింది. సాకేత్ కూడా ఆవిడ వైపే చూశాడు. కాదనడం ఆవిడకి అలవాటే కదా.

కాదు అన్న మాట విశాలాక్షి నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు రమీరో మోకాళ్ళు కంటబడ్డాయి. బస్సు పెడల్ తొక్కి తొక్కి అరిగిపోయిన మోకాళ్ళు. ఆ మాటని మింగేసింది. ఆవిడ బతుకులో మింగిన మాట అదొక్కటే అనుకుంటా. వెళ్ళి డ్రమ్ముల వెనక కూర్చుంది.

"అప్పుడు కాదన్నది నేను, నష్టపోయింది నువ్వు" అంది రమీరోతో. "ఈసారి నువ్వు చెప్పు. ఇంగ్లీషంటే ఇంగ్లీషే. నోరెత్తకుండా వాయిస్తాను."

 రమీరో ఆ హాలంతా ఒకసారి చూశాడు. ఎర్ర కుర్చీలు, బాల్కనీ, వరసలు వరసలుగా దీపాలు. నలభయ్యేళ్ళుగా ఆశపడిందంతా కళ్ళెదురుగా ఉంది. ఆ చూపు చూసి విశాలాక్షి, పోనీ ఇంగ్లీషే అనెయ్యి నాయనా అనుకుంది మనసులో.

"స్పానిష్ అయితే ఎవరికీ అర్థం కాదు అంకుల్, అదే నా వర్రీ" అన్నాడు సాకేత్ మెల్లిగా ఇంగ్లీషులో.

రమీరో అతని వైపు తిరిగాడు.

"ఈ ఊళ్ళో ముప్పయ్యేళ్ళు బస్సు నడిపాను బాబూ. వెనక సీట్ల నుంచి వీళ్ళు అరిచినవాటిలో సగం నాకు అర్థం కాలేదు. అయినా ఒక్కణ్ణీ దారిలో దించెయ్యలేదు. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి తీసుకెళ్ళి దింపాను. ఒక్క సాయంత్రం వాళ్ళు నా బస్సెక్కి కూర్చుంటే ఏం పోతుంది?"

 సాకేత్ తనే ఒక స్పీకరు భుజానికెత్తుకుని కింద గదికి మెట్లు దిగాడు. ఆ రోజే అక్కడ అన్నీ సర్దుకుని, మొదటి పాట ఎత్తుకున్నారు. విశాలాక్షి కళ్ళు తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు. పాట సగంలో ఉండగా పై హాలు నుంచి ఎవరో దిగొచ్చి, సౌండు కాస్త తగ్గించండి అన్నారు.

రమీరో వంగి సౌండు పెంచాడు.